విద్యుత్తును శుద్ధి చేసే పెట్టె మనకు అవసరమా?

తెలుగు సాహిత్యం బోధించుకొనే మేము విద్యుత్ యంత్రాలను గురించి వ్రాయబూనడం చూచి భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులు నవ్వుకొనవచ్చు. నవ్వుకొనుటకు వారికి పూర్తి హక్కు ఉన్నది. అయినను ఈ సంచికలో ఈ విషయం ఎత్తుకొనక తప్పని పరిస్థితి రెండు వైపుల నుండి వచ్చిపడినది. మా తరగతి విద్యార్థి ఒకడు, కువైత్‌లోని అన్నగారు పంపిన సొమ్ముతో ఇంటికి ఒక పెద్ద టీవీని, దానికి తోడు హోమ్ థియేటర్‌ను కొనబోయినాడు. ఆ రెండింటితోపాటు ‘పవర్ కండిషనర్’ అనే మూడవ పెట్టె కూడ తీసికొనవలసినదేనని, లేకున్న బొమ్మ తేటగా రాదని, ధ్వనిలో మృదుత్వం ఉండదని దుకాణదారుడు చెప్పినాడట. పెట్టె వెల టీవీ వెలలో మూడవ వంతు. సరిగ్గా ఆ వారంలోనే మన కళాశాల సమావేశ మందిరానికి కొనదలచిన మైకులు, యాంప్లిఫయరు, ప్రొజెక్టరుల కొటేషను పాలక సంఘం ముందుకు వచ్చినది. దాని చివరి వరుసలోను అదే పెట్టె కూర్చుని ఉన్నది.

మా అభిప్రాయాన్ని దాచుకొనక ముందే చెప్పివేయుట మంచిది. ఇంటిలోని శ్రవణ, దృశ్య పరికరాలకు రక్షణ అవసరం. ఆ రక్షణ చవుకగానే దొరుకుతుంది. అందులో పెద్ద భాగం పెట్టెలో కాక, గోడలోను నేలలోను ఉంటుంది. విద్యుత్తును ‘శుద్ధి’ చేసి పాటను మరింత ఇంపుగాను, బొమ్మను మరింత సొంపుగాను మార్చునని చెప్పే ఖరీదైన పెట్టె మాత్రం మనవంటి ఇళ్ళకు అక్కరలేదు. ఈ మాట పుస్తకం చదివి అనడం లేదు. ఆ పెట్టెను కొని, వాయిదాలు కట్టి, ఇంటిలో పెట్టుకొన్న తరువాత అంటున్నాము.

అయితే ఈ పెట్టె మీద జనానికి గల నమ్మకం ఉత్త భ్రమ నుండి పుట్టినది కాదు. ఒకప్పుడు దానికి బలమైన కారణమే ఉండేది. మా స్వగ్రామం ఐరాల. కాణిపాకం ఉన్నది మా మండలంలోనే గనుక ఊరి పేరు తెలియని వారికి అలా గుర్తు చెప్పుకొంటూ ఉంటాము. మాది మెట్టసీమ. చెరువును నమ్ముకొని, చెరువు చాలక బావిని నమ్ముకొని, బావి ఎండిన పిమ్మట బోరును నమ్ముకొన్న సేద్యం. చెరకు ఆడి, బెల్లం వండి చిత్తూరు మండీకి తోలిన ఊళ్ళు మావి. కపిలలు పోయి మోటార్లు వచ్చిన నాటి నుండి ఇళ్ళలోని దీపాలకును, చేలలోని మోటార్లకును ఒకే ట్రాన్స్‌ఫార్మరు దిక్కు అయినది. త్రీఫేస్ కరెంటు వచ్చే గంటలు కొన్నే కనుక, అది వచ్చిన మరుక్షణమే రైతులందరును ఒక్కసారిగా మోటార్లు వేసేవారు. తీగ ఎంత సన్ననిదై, ఎంత పొడవైనదై, ఎంత ఎక్కువ కరెంటును మోస్తే అంత వోల్టేజి దారిలోనే హరించుకొని పోతుంది. ఇంటికి రావలసినది 230 వోల్టులు. 1956 నాటి భారత విద్యుత్ నియమావళి దీనిలో ఆరు శాతం మించిన హెచ్చుతగ్గులను ఒప్పుకొనేది కాదు. నియమావళి చెప్పినది అది; తీగ చివరనున్న మా వీధి ఎరిగినది వేరు. 160కో 170కో దిగజారిన రాత్రులలో బల్బు నారింజపండు రంగుకు తిరిగేది, ట్యూబులైటు రెప్పలు కొట్టుకొంటూ వెలగక మొరాయించేది, తిరుగుతున్న ఫ్యాను రెక్కలను పిల్లలు లెక్కపెట్టేవారు.

మా ఇంటికి మొదటి టీవీ 1988లో వచ్చినది. మేము అప్పటికి పుట్టలేదు. మద్రాసు దూరదర్శన్ కేంద్రం 1975లోను, హైదరాబాదు కేంద్రం 1977లోను ఆరంభమైనను మా వంటి ఊళ్ళలో పెట్టె ముందు వీధి వీధంతా చేరిన రోజులు ఆ తరువాతివే. గుల్జార్ తీసిన ‘మిర్జా గాలిబ్’ ధారావాహికను మా అమ్మగారు ఈనాటికీ వర్ణించి చెబుతారు. నసీరుద్దీన్ షా షేర్ అందుకొనే సమయానికే చేలలో మోటార్లు మొదలయ్యేవట. తెర నాలుగు వైపుల నుండి నల్లని అంచులు లోనికి జరిగి, గాలిబ్ మహాశయుని ముఖం కుంచించుకొని పోస్టుకార్డంత అయ్యేదట. అంతలో టీవీ పక్కనున్న స్టెబిలైజరు ‘టక్’మని అనగానే ముఖం మరల నిండుగా వచ్చేదట. ఆ ‘టక్’ శబ్దం మీద మా అమ్మగారికి గల గౌరవం ఇంతా అంతా కాదు. దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంచేవారు.

ఆ గౌరవానికి ఆ పెట్టె తగినదే. దాని లోపల ఒక ఆటోట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. తీగచుట్టలో నాలుగైదు చోట్ల నుండి కొసలు బయటికి తీసి ఉంటారు. వచ్చే వోల్టేజి తగ్గినప్పుడు రిలే ఒక కొసను వదలి మరొక కొసను పట్టుకొంటుంది. మనకు వినవచ్చే చప్పుడు అదే. నాటి టీవీలకు వోల్టేజి ఎంత వస్తే బొమ్మకు అంత బలం. అందువలన ఆ పెట్టె నిజముగానే బొమ్మను నిలబెట్టినది. కొచ్చిలో 1977లో చిన్నగా ఆరంభమైన వీ-గార్డ్ సంస్థ స్టెబిలైజర్ల మీదనే దేశమంతటా ఎదిగినదన్న విషయం గమనిస్తే, తక్కువ వోల్టేజి బాధ ఒక్క ఐరాలది కాదని తెలుస్తుంది.

గల్ఫ్ దేశాల నుండి వచ్చిన సామాను కథ మరొకటి. మా పెదనాయనగారు సౌదీ నుండి ఒక టూ-ఇన్-వన్ తెచ్చినారు. ఆ కాలపు సౌదీ ఇళ్ళలో 127 వోల్టులు, 60 సైకిళ్ళ కరెంటు ఉండేది. పెట్టె వెనుక 110, 220 అని ఒక చిన్న మీట ఉంటుంది. విమానం దిగి, ఊరు చేరి, బంధువులందరి ఎదుట ప్లగ్గు పెట్టిన ఆ శుభ ముహూర్తాన ఆ మీటను తిప్పుట ఎవరికిని తోచలేదు. పొగ మాత్రం చక్కగా వచ్చినదట. మన విద్యార్థులలో చాలమంది ఇళ్ళలో ఇటువంటి కథ ఒకటైనను ఉండి తీరుతుంది. కరెంటు అనేది సామానును మ్రింగే భూతమని, దానికిని సామానుకును నడుమ ఒక కాపలాదారు ఉండవలెనని మన పెద్దలు నేర్చిన పాఠం ఈ విధంగా నేర్చినదే.

కాని ఆ పాఠం చెప్పిన పుస్తకం మారిపోయినది. నేటి టీవీని వెనుకకు తిప్పి చూడండి. అక్కడ అంటించిన చీటీ మీద సాధారణముగా 100 నుండి 240 వోల్టులు, 50 లేక 60 సైకిళ్ళు అని వ్రాసి ఉంటుంది. నేటి పరికరం గోడ నుండి వచ్చిన ఏకాంతర విద్యుత్తును నేరుగా వాడుకొనదు. ముందు దానిని సుమారు 320 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి, ఆపైన సెకనుకు వేలాది మార్లు తుంచి, తనకు కావలసిన అయిదు వోల్టులో పన్నెండు వోల్టులో కొలిచి తీసికొంటుంది. దీనినే మెకానిక్కులు ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. వచ్చేది 170 అయినను, 230 అయినను అది లోపలికి పంపేది ఒక్కటే. అనగా, బయట అమ్ముతున్న శుద్ధిపెట్టె చేయునని చెప్పే పనిని పరికరం తన కడుపులోనే చేసికొంటున్నది. ఇక బొమ్మ సంగతి. డిష్ నుండి గాని, ఇంటర్నెట్ నుండి గాని వచ్చే బొమ్మ అంకెల రూపంలో వస్తుంది. ఆ అంకెలు అందితే బొమ్మ వస్తుంది, అందకపోతే గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంది. కరెంటు ‘శుద్ధం’ అయినంత మాత్రాన చీర రంగు మరింత ఎరుపు కాదు.

బరువైన ట్రాన్స్‌ఫార్మరు గల యాంప్లిఫయరులు కొన్ని నేటికిని ఉన్నవి. వాటి విషయంలో మాత్రం వోల్టేజికి కొంత లెక్క ఉన్నది. 230 బదులు 180 వస్తే యాంప్లిఫయరు ఇవ్వగల గరిష్ఠ శక్తి సుమారు అరవై శాతానికి పడిపోతుంది. పెండ్లిపందిరిలో ఇది నష్టమే. నాలుగు గోడల మధ్య గజల్ వినేవాడు గరిష్ఠ శక్తిలో పదవ వంతును కూడ వాడడు కనుక అతనికి తేడా తెలియదు.

మన ఊళ్ళ కరెంటు కూడ ముందటి కరెంటు కాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశపు గ్రిడ్‌తో కలిసినది. 48 సైకిళ్ళకు దిగజారి ఊగిసలాడిన దక్షిణాది కరెంటు నేడు 50కి అటునిటు స్వల్పంగా మాత్రమే కదలుతున్నది. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు నుండి పొడవాటి లోవోల్టేజి తీగలు లాగే పద్ధతి మాని, బోర్ల వద్దకే హెచ్చు వోల్టేజి లైను తీసికొనిపోయి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే పద్ధతి మన రాష్ట్రంలో చాలచోట్ల వచ్చినది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చిన తరువాత మోటార్లు తగ్గలేదు. అయినను చేను తీగకును, ఇంటి తీగకును అనేక చోట్ల ఎడం ఏర్పడినది. బాధ పోయినదని మేము అనడం లేదు. వేసవిలో తీగ చివరి ఇంటికి నేటికిని 180 వచ్చే రోజులు ఉన్నవి. అట్టి ఇంటిలో ఫ్రిజ్జుకు, ఏసీకి స్టెబిలైజరు పెట్టుట ఉచితమే. తక్కువ వోల్టేజి వద్ద మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి చెడిపోతుంది. టీవీలో మోటారు లేదు. తల్లి ఫ్రిజ్జుకు పెట్టవలసిన స్టెబిలైజరును కుమారుడు టీవీకి పెట్టుకొన్న ఇళ్ళు మేము అనేకం చూచినాము.

ఇంత తెలిసి మీరెందుకు కొన్నారు అని పాఠకులు అడుగవచ్చు. అప్పటికి తెలియకనే కొన్నాము.

మా తండ్రిగారు పోయి కొన్నేళ్ళయినది. ఆయన బడిపంతులు. నాత్‌లు ఎంత శ్రద్ధగా పాడేవారో వేమన పద్యాలు అంత శ్రద్ధగానూ చదివేవారు. ఆయన కంఠం పదకొండు క్యాసెట్లలో మిగిలి ఉన్నది. టేపు జిగురు పట్టక ముందే వాటిని కంప్యూటరులోనికి ఎక్కించవలెనని ఐరాల ఇంటిలో పాత డెక్కును, యాంప్లిఫయరును అమర్చుకొన్నాము. ప్లే నొక్కగానే ఆయన గొంతు వెనుక ‘గుఁయ్’మని ఒక ఎడతెగని రొద. పద్యానికి పద్యానికి నడుమ ఆయన ఊపిరి తీసికొనే చోట అది మరింత పైకి వచ్చేది. పట్టణంలోని ఒక దుకాణంలో అడిగితే ‘మీ ఊరి కరెంటు మురికి కరెంటు’ అని తేల్చి, శుద్ధిపెట్టెను చూపించినారు. ఎనిమిది వాయిదాలు.

రొద పోలేదు. అయినను ఇక్కడ ఒక విచిత్రం జరిగినది. అది చెప్పుకొనుటకు మాకు కొంత సిగ్గుగానే ఉన్నది. రొద అట్లే ఉన్నను, మిగిలిన ధ్వని బాగుపడినదని మాకు తోచినది! మెహదీ హసన్ గజల్ పెట్టి వింటే గొంతు ఒక అడుగు ముందుకు వచ్చినట్లును, తబలా నిగ్గు తేలినట్లును వినిపించినది. ఇద్దరు ముగ్గురు మిత్రులను పిలిచి వినిపిస్తే వారును తలలూపినారు. కాఫీ ఇచ్చి వినిపిస్తే ఎవరైనను తలయూపుతారని మాకు తరువాత తట్టినది.

డిగ్రీ చదివే మా మేనల్లుడు ఒక ఉపాయం చెప్పినాడు. ప్లగ్గులు ఉన్న మూలకు తెర కట్టినాము. వాడు తెర వెనుక నాణెం ఎగురవేసి, బొమ్మ పడితే యాంప్లిఫయరును శుద్ధిపెట్టెకు, బొరుసు పడితే నేరుగా గోడకు తగిలించేవాడు. శబ్దపు మీటను ఎవరును తాకరాదు. ఇవతల మేము విని, పెట్టె ఉన్నదో లేదో కాగితం మీద వ్రాయవలెను. ఇరువది మార్లు చేసినాము. మొదటి నాలుగు మార్లు ఎంతో ధీమాగా వ్రాసినాము. చివర కాగితాలు రెండును సరిపోల్చితే మేము ఒప్పుగా చెప్పినవి పదకొండు. వినకుండ నాణెం ఎగురవేసికొని వ్రాసినను పది వచ్చేవి. మేము విన్నది కరెంటును కాదు, మేము చెల్లించిన వాయిదాలను. ఈ పరీక్షకు ఖర్చు లేదు. కొనబోయే విద్యార్థి దుకాణంలోనే తెర కట్టించి అడుగవచ్చు. దుకాణదారుడు ఒప్పుకొనకపోతే అదియును ఒక జవాబే.

ఈ బలహీనత మన ఒక్కరిది కాదు. జపానులో కొందరు సంగీత ప్రియులు పొరుగిళ్ళ మురికి తమ పాటలోనికి రాకుండునట్లు ఇంటి ముంగిట సొంత కరెంటు స్తంభమే పాతించుకొన్నారని 2016లో పత్రికలు వ్రాసినవి. ధనం ఉన్నవారి ముచ్చట అది. మనం కాదనుటకు ఎవరము? కాని కువైత్ ఎండలో నిలిచి పంపిన దీనారులకు ఆ ముచ్చట తగదు.

ఇక రొద కథకు వస్తాము. పెట్టె పని చేయలేదని చెబితే ఆ దుకాణంవారే మరొక చిట్కా చెప్పినారు: యాంప్లిఫయరు ప్లగ్గుకు మూడు పిన్నులు ఉన్నవి గదా, పైనున్న లావు పిన్ను తీసివేయండి అని. తీసివేసినాము. రొద ఠక్కున ఆగినది. మా తండ్రిగారి కంఠం ఆ రాత్రి మొదటిసారి నిర్మలంగా వినవచ్చినది. మేము తెల్లవార్లు విన్నాము. ఆ సంతోషంలో ఆ పిన్ను ఎందుకు పెట్టినారన్న ప్రశ్న మాకు కలుగలేదు.

రెండు వారాల తరువాత మా చెల్లెలి కుమార్తె, తొమ్మిదేండ్ల పిల్ల, చేతులు కడుగుకొని వచ్చి ‘మామూ, నానా పాట పెట్టనా’ అంటూ యాంప్లిఫయరు ముందరి ఇనుప రేకును తాకినది. కేక కూడ రాలేదు. వెనుకకు విసిరివేసినట్లు పడిపోయినది. అల్లాహ్ దయవలన పిల్ల దక్కినది. అరచేతి మీద మచ్చ మిగిలినది. పాత ట్రాన్స్‌ఫార్మరులోని పూత చెడి కరెంటు ఇనుప పెట్టెకు ఎక్కినదట. ఎర్త్ పిన్ను ఉన్నట్లయితే ఆ కరెంటు నేలకు పోయి ఫ్యూజు కొట్టివేసేది. మేము రొదను తీసివేయలేదు, ఆ పిల్లకును మృత్యువుకును మధ్యనున్న తీగను తీసివేసినాము.

మరునాడు మా ఊరి వైరింగు పనివాడు వచ్చినాడు. పదవ తరగతితో చదువు ఆపిన మనిషి. సామానంతటిని ఒక్కసారి కలయజూచి, టీవీకి వచ్చే కేబులు తీగను ఊడదీసి, యాంప్లిఫయరుకు మూడు పిన్నుల ప్లగ్గు మరల బిగించి వేసినాడు. రొద లేదు! ‘కరెంటులో ఏం లేదు సార్. మీ పెట్టె రెండు దావల్లో నేలను పట్టుకోనుండాది. ఒగటి గోడలో ఎర్తు, ఇంగొగటి ఈ కేబులు తీగ పైకప్పు. రెండిటికీ మధ్య తిరగతా ఉండే కరెంటే ఈ గుయ్యిమనేది. కేబులు దావ మూసేయాల గానీ ఎర్తు దావ మూస్తారా ఎవరన్నా?’ అన్నాడు. టీవీకిని యాంప్లిఫయరుకును నడుమ శబ్దపు తీగ ఒకటి ఉండుటచేత ఆ కేబులు కరెంటు యాంప్లిఫయరులోనికి వచ్చుచున్నదని అప్పుడు అర్థమైనది. కేబులు తీగకు మధ్యన తగిలించే చిన్న ఐసొలేటరు ముక్క ఒకటి తెచ్చి పెట్టినాడు. దాని వెల శుద్ధిపెట్టె ఒక్క వాయిదాలో సగం కూడ లేదు. ఆ తరువాత మీటరు పక్కన ముప్పది మిల్లీ ఆంపియర్లకే తెగిపోయే ఆర్.సి.సి.బి. కూడ పెట్టించినాము. ఇప్పుడు క్యాసెట్లు తొమ్మిది ఎక్కినవి; రెండు మిగిలి ఉన్నవి.

శుద్ధిపెట్టె దేనికిని పనికిరాదని అనుట న్యాయం కాదు. అందులోని ఫిల్టరు హెచ్చు పౌనఃపున్యపు రొదను తీగ వెంట రాకుండ కొంత ఆపుతుంది. పక్కనే వెల్డింగు షాపు గాని, పిండిమర గాని ఉన్న ఇంటిలో పాత రేడియోకు దానితో కొంత మేలు కలుగవచ్చు. కాని మీడియం వేవ్‌లో కడప కేంద్రం పట్టబోతే వినవచ్చే గరగర చాలవరకు గాలిలో నుండి ఏరియల్‌కు చేరేది; నాసిరకపు ఎల్.ఇ.డి. బల్బును ఆర్పివేస్తే అది ఆగిపోతుంది. చదరపు అల పుట్టించే చవుక ఇన్వర్టరు పెట్టుకొని, కరెంటు పోగానే స్పీకరులో జుమ్మని రొద వస్తున్నదని శుద్ధిపెట్టె కొనేవారిని కూడ చూచినాము. వారికి కావలసినది సైన్ వేవ్ ఇన్వర్టరు. ఇన్వర్టరు బ్యాటరీలు మన ప్రాంతంలోనే తయారవుతున్నవి గదా: గల్లా రామచంద్ర నాయుడు 1985లో నెలకొల్పిన అమరరాజా సంస్థ తిరుపతి పక్కనున్న కరకంబాడిలోనిది.

ఆ పెట్టెలో ఉండే సర్జ్ రక్షణ మంచిదే. అయితే అదే రక్షణ చిన్న స్పైక్ గార్డులోను దొరుకుతుంది, రెండింటి హద్దును ఒక్కటే. మెరుపుల వలన పుట్టే క్షణభంగురమైన ఉప్పెనను అది మ్రింగగలదు. పల్లెలలో టీవీలను మూకుమ్మడిగా కాల్చివేసేది ఆ ఉప్పెన ఒక్కటే కాదు. స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగుట. అది తెగినప్పుడు రెండు ఫేసుల ఇళ్ళు ఒకదాని వెనుక ఒకటిగా 400 వోల్టులకు చిక్కుతవి. ఫ్యాను, ఫ్రిజ్జు వేసికొన్న ఇల్లు బ్రతికి, ఒక్క టీవీ మాత్రం చూస్తున్న ఇల్లు దెబ్బతింటుంది. అది క్షణం ఉండదు, లైన్‌మన్ వచ్చేదాక ఉంటుంది. అంతసేపు మ్రింగబోయి స్పైక్ గార్డులోని ముక్క తానే కాలిపోతుంది. హద్దు మీరగానే కరెంటును పూర్తిగా తెంచివేసే కటాఫ్ పరికరం ఇందుకు కావలెను. అది శుద్ధి చేయదు, సంస్కరించదు, తలుపు మూస్తుంది. ఇంతే దాని విద్య. ఉరుములు మొదలైనప్పుడు మాత్రం ఏ పెట్టెనూ నమ్మక, ప్లగ్గును, దానితోపాటు డిష్ తీగను కూడ ఊడదీయుటయే మేలు. డిష్ తీగను మరచేవారే ఎక్కువ.

మా విద్యార్థికి మేము ఇచ్చిన చీటీలో ఇంతే వ్రాసినాము: ముందు ఎర్త్ పరీక్ష, ఆర్.సి.సి.బి., వోల్టేజి కటాఫ్, స్పైక్ గార్డు. మిగిలిన డబ్బు అమ్మగారి ఫ్రిజ్జుకు స్టెబిలైజరు. వాడు టీవీని మాత్రం మేము అనుకొన్నదాని కంటె రెండంగుళాలు పెద్దది కొన్నాడు. అది వాడి ఇష్టం.

పాలక సంఘంవారికి మా విన్నపం వేరు. కొటేషనులోని చివరి వరుసను కొట్టివేయించవలెనని కోరుతున్నాము. ఆ మొత్తంలో కొద్ది భాగం పెట్టి సమావేశ మందిరపు వైరింగును ఒక అర్హుడైన ఎలక్ట్రీషియను చేత పరీక్షింపజేయవలెను. మైకును చేతబట్టుకొని మాట్లాడేది మన పిల్లలు, మైకు ఇనుముది. వేదిక వద్ద మూడు పిన్నుల సాకెట్లు ఆరు ఉన్నవి. మేము టెస్టరుతోను, బల్బుతోను చూచినంతలో నాలుగింటి ఎర్త్ రంధ్రం వెనుక తీగ లేదు. ఉన్న రెండింటి తీగ గ్రంథాలయం వెనుకనున్న ఎర్త్ గుంటకు పోతుంది. బొగ్గు, ఉప్పు వేసి పాతిన గుంట అది. మన నేలలో వేసవి వచ్చేసరికి తడి ఆరి, మట్టి బిగుసుకొని కరెంటును తీసికొనదు. నెలకు నాలుగు మార్లు బిందెడు నీరు పోయవలెను. సిమెంటు మూత ఎత్తి చూచినాము. లోపల చీమల పుట్ట ఉన్నది. చివరిసారి నీరు పోసినది ఎప్పుడని అటెండరును అడిగితే, తాను ఉద్యోగంలో చేరిన తరువాత ఆ మూత ఎత్తినది మేమేనని చెప్పినాడు.